మీకు తెలుసా? హెండ్రిక్స్ గిటారుకు బదులిచ్చిన ఆర్గన్

1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ప్రాంతమున జన్మించి, ఇంచుమించు 15 ఏండ్ల ప్రాయమున అన్నగారైన మఫ్‌తో కూడ స్పెన్సర్ డేవిస్ బృందమున చేరిన స్టీవ్ విన్‌వుడ్, మీసకట్టైనను రాని ఆ వయస్సున పండిన బ్లూస్ గాయకుని గాంభీర్యము తన కంఠమున పలికించి శ్రోతలను విస్మయపరచెను. 1967లో ట్రాఫిక్ బృందమును నెలకొల్పినవారిలో ఆయన యొకడు.

1968 మే మాసమున, న్యూయార్కులోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో జిమీ హెండ్రిక్స్ ‘వూడూ చైల్’ను ధ్వనిముద్రణ చేయుచుండగా, ఆ 15 నిమిషముల దీర్ఘగీతమునందు గిటారు పలికిన ప్రతి పలుకునకును బదులిచ్చుచు, ఒకచో అణగి, ఒకచో ఉవ్వెత్తున లేచు హామండ్ ఆర్గన్ నాదము ఈ విన్‌వుడ్ హస్తవిన్యాసమే. రాక్ సంగీతమున ఇంతటి సరససంవాదము మిక్కిలి అరుదని నా దృఢవిశ్వాసము.

మరుసటి యేట ఎరిక్ క్లాప్టన్, జింజర్ బేకర్, రిక్ గ్రెచ్‌లతో కూడి బ్లైండ్ ఫెయిత్ బృందముగా లండన్ హైడ్ పార్కున పాడెను గాని, ఆ పొత్తు ఏడాదియైనను నిలువలేదు. 1980లో ‘ఆర్క్ ఆఫ్ ఎ డైవర్’ ఆల్బమునకు వాద్యములన్నియు తానే వాయించుకొనెను. 1986 నాటి ‘హయ్యర్ లవ్’ పాటలో ఆయనకు వంతపాడినది చాకా ఖాన్. ఆ పాట గ్రామీ పురస్కారమును గెలుచుకొనెను.