గోదావరిని దాటించిన నాలుగు వంతెనలు

రాజమండ్రి: రైలు గోదావరి మీదికి రాగానే పెట్టెలోని వారంతా కిటికీల వైపు జరుగుతారు. చేతులు జోడించేవారు కొందరు, చిల్లర నాణేలు నదిలోకి విసిరేవారు కొందరు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ నీళ్లు చూపించే తల్లులు కొందరు. ఒకప్పుడు ఇక్కడే రైలు దిగి, సామాను నెత్తిన పెట్టుకుని రేవులో పడవ ఎక్కవలసి వచ్చేదని వారిలో చాలామందికి తెలియదు.

పట్టాలు ఆగిన చోటు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలే రహదారులయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు పడవల మీదే ప్రయాణించేవారు. మన దేశానికి రైళ్ల కంటే జలమార్గాలే చవక అని సర్ ఆర్థర్ కాటన్ వాదించారు. అయినా 1890 దశకంలో మద్రాసును, కలకత్తాను కలిపే తూర్పు తీరపు రైలుమార్గం రానే వచ్చింది. ఇటు రాజమండ్రి వరకు, అటు కొవ్వూరు వరకు వచ్చిన పట్టాలకు మధ్యలో గోదావరి అడ్డుపడింది.

1897 నవంబరులో వంతెన పని మొదలైంది. కాశీ దగ్గర గంగపై 1887లో పూర్తయిన వంతెన నిర్మాణంలో పనిచేసిన ఇంజనీరు వాల్టన్ ఈ బాధ్యత తీసుకున్నారు. మూడేళ్లు తిరగకుండానే, 1900 ఆగస్టులో రైలు నది దాటింది. ఆనాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరే దీనికి పెట్టారు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున మొత్తం 56 ఇనుప కమానాలు.

ఇసుకలో పునాది ఎలా?

ఎంత తవ్వినా ఇసుకే వచ్చే నదిలో స్తంభం ఎలా నిలుస్తుంది? జవాబు పల్లెటూరి వారికి తెలిసిందే. ఇంటి దొడ్లో ఒరల బావి దించినట్లే. అడుగున పదునైన ఇనుప అంచు బిగించి, దానిపై గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తోడుతూ ఉంటే ఆ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. గట్టి నేల తగిలాక అడుగున కాంక్రీటు వేసి మూసి, దానిపై స్తంభం లేపుతారు. మన దేశంలో పెద్ద నదుల వంతెనలు చాలావరకు ఇలాంటి బావుల మీదే నిలిచాయి.

ఆ పని గట్టితనం 1986 ఆగస్టులో తేలింది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలను ముంచెత్తినా, 86 ఏళ్ల పాత వంతెన చెక్కుచెదరలేదు.

రోడ్డు వచ్చిన ఏడు

ఇంతకాలం దాటింది రైలే. బస్సుకు, లారీకి, ఎడ్లబండికి దారి లేదు. రైలు దొరకకపోతే పడవో, లాంచీయో, పంటో శరణ్యం. వరద రోజుల్లో అదీ ఉండేది కాదు. 1974లో కింద రైలు, పైన రోడ్డుతో రెండో వంతెన వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. రోడ్డు భాగం పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే.

పాత వంతెనకు వయసు మీరడంతో 1997లో దానిపై రైళ్లు ఆపేశారు. దాని స్థానంలో వచ్చిందే ఆర్చి వంతెన. 28 కమానాలతో పొడవు 2.74 కిలోమీటర్లు. ఇది విల్లు లాంటిది. పైనున్న కాంక్రీటు వంపు బరువుకు చివరలు పక్కలకు జరగబోతే, కింది దిమ్మె అల్లెతాడులా బిగబట్టి ఉంచుతుంది. 2015 పుష్కరాల నాటికి రోడ్డు కోసం నాలుగో వంతెన సిద్ధమైంది.

సిడ్నీ, శాన్‌ఫ్రాన్సిస్కోలలో

ఆస్ట్రేలియాలో సిడ్నీ రేవుపై 1932లో కట్టిన వంతెనదీ ఆర్చియే. అయితే 503 మీటర్ల దూరాన్ని ఒకే ఉక్కు ఆర్చి దాటుతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి గోల్డెన్‌గేట్ వంతెన (1937) రెండు గోపురాల మధ్య 1,280 మీటర్లు వేలాడుతుంది. కలకత్తాలో 1943 నాటి హౌరా వంతెనకు నది మధ్యలో స్తంభమే లేదు. అక్కడ కింద ఓడలు తిరగాలి, కాబట్టి దారికి అడ్డంగా స్తంభాలు ఉండకూడదు. గోదావరి వెడల్పు ఎక్కువ, వేసవిలో లోతు తక్కువ, ఓడల రాకపోకలు లేవు. అందుకే ఇక్కడ స్తంభాలు ఎక్కువ, కమానాలు చిన్నవి. ఏ నదికి ఆ వంతెన!

పాత వంతెన భవిష్యత్తు

రైళ్లు ఆగాక హేవలాక్ వంతెన పాతికేళ్లకు పైగా ఖాళీగా నిలబడింది. విప్పేస్తే మిగిలేది ఇనుము, నిలబెడితే మిగిలేది చరిత్ర. 2025 జూన్‌లో రాజమండ్రిలో సుమారు 94 కోట్ల రూపాయల అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగింది. పాత వంతెనను జనం నడిచి చూసేలా తీర్చిదిద్దడం అందులో భాగం. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి.

ఒకప్పుడు రాజమండ్రి తూర్పు గోదావరి, కొవ్వూరు పశ్చిమ గోదావరి. 2022లో జిల్లాలు మారాక రెండు ఒడ్లూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కాగితం మీద ఈ కలయిక ఇప్పటిదే అయినా, ఆ రెండు ఊళ్లనూ పాత వంతెన 1900లోనే కలిపేసింది.