ఏనుగు లద్దె నుంచి ఈస్ట్‌లోకి

తాటికల్లును పులియబెట్టేది, రొట్టెను పొంగించేది, పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను తయారుచేసేది ఒకే జాతి ఈస్ట్. పేరు శాకరోమైసిస్ సెరివిసియే. గ్లూకోజ్ అందితే చాలు, ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. కానీ గడ్డిలోనూ చొప్పలోనూ గ్లూకోజ్ తర్వాత ఎక్కువగా ఉండే జైలోజ్ అనే చక్కెరను అది ముట్టదు. అంత చక్కెర వృథా అయితే గడ్డి నుంచి ఇంధనం తీయడం గిట్టదు. అందుకే దీనికి జైలోజ్ తినడం నేర్పడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలు వెచ్చించారు.

1993లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాన్సీ హో బృందం మరో ఈస్ట్ జన్యువులను అరువు తెచ్చింది. పుచ్చిన కట్టె తిని బతికే పెంకుపురుగుల పేగుల్లో ఆ ఈస్ట్ బంధువులు కాపురముంటాయి. ఈ దారిలో జైలోజ్ రెండు అంచెల్లో మారాలి. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే మధ్యలో జైలిటాల్ పేరుకుపోతుంది. చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసేది దీన్నే.

అన్నిటికంటే అబ్బురం నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగింది. ఏనుగు లద్దెలో దొరికిన పైరోమైసిస్ అనే శిలీంధ్రం గాలి సోకని చోట బతుకుతుంది. జైలోజ్‌ను ఒక్క అంచెలోనే మార్చే ఎంజైము దాని దగ్గరుంది. 2003లో ఆ జన్యువును ఈస్ట్‌లో పెట్టారు. పెట్టగానే పని జరగలేదు, ఈస్ట్ మరీ మెల్లగా పెరిగింది. అప్పుడు జైలోజ్ తప్ప వేరే తిండి లేకుండా తరాల తరబడి పెంచి, చురుకైనవాటిని ఏరుకుంటూ పోయారు. కొన్ని జన్యువులను దిద్దారు కూడా. చివరికి ప్రాణవాయువు లేకుండానే జైలోజ్ మీద పెరిగి ఆల్కహాల్ ఇచ్చే ఈస్ట్ చేతికొచ్చింది. ప్రయోగశాల మొదలుపెట్టిన పనిని ప్రకృతి చేతే పూర్తిచేయించిన ఈ ఓర్పే నాకు అసలు విశేషంగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది: తాను చేసిన ఆల్కహాలే ఈస్ట్‌ను చంపుతుంది. 2014లో ఎంఐటీ పరిశోధకులు పెంచే ద్రావణంలో పొటాషియం లవణం కలిపి, ఆమ్లత్వం తగ్గించి చూశారు. దిగుబడి సుమారు 80 శాతం పెరిగింది.

ఇథనాల్ ఒక్కటే కాదు. బ్రెజిల్ చెరకు చక్కెరతో ఫార్నెసీన్ అనే నూనెను తయారుచేసే ఈస్ట్‌ను ఎమిరిస్ సంస్థ రూపొందించింది. ఆ నూనెను శుద్ధిచేసి విమాన ఇంధనంలో కలిపారు. 2014లో 10 శాతం మిశ్రమంతో ప్రయాణికుల విమానం ఓర్లాండో నుంచి సావో పాలోకు ఎగిరింది.

మన దేశంలో పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారం సామర్థ్యం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్. పొలాల్లో తగలబెట్టే గడ్డే దానికి ముడిసరుకు.