లినక్స్ ఫోల్డర్ విండోస్‌లో ఎందుకు తెరుచుకోదు?

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్. ఆ ఊరున్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో 2017 మే నెలలో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు కొన్నింటిలో కంప్యూటర్లు పనిచేయడం మానేశాయి. ఫైళ్లకు తాళం పడింది, తెర మీద డబ్బు కట్టమనే హెచ్చరిక కనిపించింది. అదే రోజుల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ ఇదే గతి పట్టింది. కారణం ప్రపంచమంతా పాకిన వన్నాక్రై. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునేందుకు వాడే ఎస్‌ఎంబి అనే నియమావళి ఉంది. దాని పాత రూపంలోని లోపమే వన్నాక్రైకి దారి ఇచ్చింది. లోపాన్ని సరిచేసే ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. దాన్ని పెట్టుకోని యంత్రాలు చిక్కుకున్నాయి.

విండోస్, లినక్స్ కంప్యూటర్లు సాధారణంగా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేదీ ఎస్‌ఎంబి ద్వారానే. లినక్స్‌కు ఆ భాష నేర్పిన ఉచిత సాఫ్ట్‌వేర్ సాంబా. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1990ల మొదట్లో, నెట్‌వర్క్‌లో పోయే సందేశాలను గమనిస్తూ దీన్ని రాయడం మొదలుపెట్టారు. ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాట కోసం పదాల జాబితాలో వెతికితే ఈ పేరు దొరికింది. మన సాంబారుతో దీనికి చుట్టరికం లేదు.

వన్నాక్రై తర్వాత విండోస్ 10 ఎస్‌ఎంబి 1ని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. 2019లో సాంబా కూడా దాన్ని ముందస్తుగా ఆపేసింది. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న పాత లినక్స్ యంత్రం కొత్త విండోస్‌కు అందకుండా పోవచ్చు. ఎస్‌ఎంబి 1ని మళ్లీ ఆన్ చేయమనే సలహా చాలామంది ఇస్తారు. పని జరుగుతుంది, కానీ పాత తలుపు మళ్లీ తెరిచినట్టే. పాత యంత్రంలో సాంబాను అప్‌డేట్ చేయడమే మేలు.

‘నెట్‌వర్క్’ జాబితాలో లినక్స్ యంత్రం కనిపించనంత మాత్రాన షేర్ చెడిపోయిందని కాదు. ఆ జాబితా చాలాకాలం పాత పద్ధతి మీదే ఆధారపడింది. అడ్రస్ బార్‌లో రెండు వెనుక గీతలు పెట్టి ఐపీ చిరునామా టైప్ చేసి చూడాలి. తెరుచుకుంటే లోపం జాబితాలోనే. తెరుచుకోకపోతే లినక్స్ ఫైర్‌వాల్ 445వ పోర్టును అడ్డుకుంటోందేమో చూడాలి.

ఎక్కువమంది ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. సరైనదే ఇచ్చినా విండోస్ మళ్లీ మళ్లీ అడుగుతుంది. విండోస్ పాస్‌వర్డ్‌ను నేరుగా పంపదు. సర్వర్ ఇచ్చిన ఒక సంఖ్యతో దాన్ని కలిపి లెక్కకట్టి, జవాబు మాత్రమే పంపుతుంది. ఆ జవాబు సరిచూడటానికి పాస్‌వర్డ్ ఒక ప్రత్యేక రూపంలో సర్వర్ దగ్గర ఉండాలి. లినక్స్ తన ఖాతాల పాస్‌వర్డ్‌లను దాచేది వేరే రూపంలో. ఒకదాన్నుంచి మరొకటి రాబట్టలేం. కాబట్టి లినక్స్ ఖాతా ఉన్నా, సాంబాలో ఆ వ్యక్తికి విడిగా మరోసారి పాస్‌వర్డ్ నమోదు చేయాలి.

ఫోల్డర్ తెరుచుకుని, ఫైలు మాత్రం సేవ్ కాకపోతే అనుమతులు రెండు చోట్ల చూడాలి: సాంబా అమరికలో ఒకటి, లినక్స్ ఫోల్డర్‌కు మరొకటి. రెండింటిలో కఠినమైనదే చెల్లుతుంది. ఇవన్నీ ఎందుకని పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా రానిస్తే, కొత్త విండోస్ 11లు చాలావరకు అలాంటి షేర్‌ను తెరవడానికే ఒప్పుకోవు.