నొప్పి ఎక్కడమ్మా?

కువైట్ వచ్చిన కొత్తలో, 56 అక్షరాలు దిద్దినవాళ్లం, అరబ్బీలో ఉన్నవి 28 అక్షరాలే గదా అనుకొన్నాం. కుడినుంచి ఎడమకు రాయడం త్వరగానే పట్టుబడింది. తీరా ఆసుపత్రిలో ఒక ముసలమ్మను "ఐనల్ అలమ్?" అని అడిగితే, ఆమె నవ్వి కొడుకు వంక చూసింది. మేము నేర్చింది గ్రంథాల భాష!

ఆ కొడుకే దుబాసీ. ఆమె అయిదు నిమిషాలు చెబితే, "కడుపునొప్పి" అని ఒక్కముక్కలో తేల్చేవాడు.

ఇళ్లలో వాడే మాట ఒక కువైటీ నర్సు నేర్పింది. మగవారినైతే "వేన్ యఅవ్రిక్?", ఆడవారినైతే "వేన్ యఅవ్రిచ్?" అనాలట. మరుసటిసారి అలాగే అడిగాం. ముసలమ్మ కొడుకును బయటికి పంపి, ముట్లుడిగిన ఇన్నేళ్లకు మళ్లీ రక్తం కనబడుతోందని మెల్లగా చెప్పింది. కాన్సరేమోనని అనుమానించవలసిన లక్షణమది. వెంటనే పరీక్షలకు పంపాం. కొడుకు నోట ఆ మాట ఎన్నటికీ వచ్చేది కాదు.

జవాబు, వకీలు, తారీఖు, ఖాళీ - ఇవన్నీ అరబ్బీలో పుట్టి మన ఇళ్లకు వచ్చిన మాటలే. మనమూ పుస్తకం చదువుదాం. మాట మాత్రం పొరుగింటివారి దగ్గర నేర్చుకొందాం.