తడిసిన రోడ్డు ఎంత జారుతుంది?

పదేండ్లు వాహనాలు నడిచిన రోడ్డు ఒక్కొక్కప్పుడు అద్దంవలె మెరుస్తూ ఉంటుంది. చూపరులకది మంచి రోడ్డే. కాని వాన కురిసిననాడు ఆ నునుపే ప్రాణాంతకం కావచ్చును.

సెకనుకు 20 మీటర్ల (గంటకు 72 కిలోమీటర్ల) వేగంతో పోతున్న కారు చక్రాలు బ్రేకుతో బిగిసిపోయినవనుకొందాము. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.7 అయితే కారు సుమారు 29 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.35 అయితే 58 మీటర్లు జారిపోతుంది. ఆ అదనపు 29 మీటర్లలో రోడ్డు దాటుతున్న మనిషి ఉండవచ్చు. లెక్క సులభమే, చిక్కంతా గుణకాన్ని తెలుసుకోవడంలో ఉన్నది.

ఇందుకు ఉపయోగించే పరికరాలలో లోలకం ఒకటి. నడకదారుల జారుడును కొలవడానికి అమెరికాలో 1940ల దశకంలో సిగ్లర్ రూపొందించిన సాధనాన్ని బ్రిటనులోని రోడ్డు పరిశోధనాలయంవారు రోడ్లకు అనువుగా మార్చారు. లోలకం చేతికొసన రబ్బరుముక్క ఉంటుంది. రోడ్డును నీటితో తడిపి, చేతిని క్షితిజ సమాంతరంగా పట్టి వదులుతారు. రబ్బరు సుమారు 12.5 సెంటీమీటర్ల మేర రోడ్డును రాచుకొని ఆవలివైపు పైకి లేస్తుంది. ఘర్షణ హరించినంత శక్తి తగ్గింది కాబట్టి అది మొదటి ఎత్తుకు చేరలేదు. ఎంతవరకు లేచిందో ముల్లు చూపి అక్కడే నిలిచిపోతుంది. రోడ్డు ఎంత గరుకైతే ముల్లు చూపే అంకె అంత పెద్దది. రబ్బరు వేడెక్కితే ఈ అంకె తగ్గుతుంది గనుక దానిని 20 డిగ్రీల సెంటిగ్రేడుకు సవరిస్తారు. మనవంటి ఎండల దేశంలో ఇది మరువరాని సంగతి.

గరుకుదనం రెండు విధాలు. రాతి ముఖంమీద ఉప్పుకాగితంవలె తగిలేది ఒకటి. రాళ్ల నడుమ సందులవల్ల ఏర్పడేది రెండవది. చాలా రకాల సున్నపురాళ్లు టైర్ల రాపిడికి త్వరగా నున్నబడతాయి. వేర్వేరు కాఠిన్యం గల ఖనిజాలున్న రాళ్లు ఎగుడుదిగుడుగా అరిగి గరుకు నిలుపుకొంటాయి. సందులు నీటికి దారి ఇస్తాయి. వేగం హెచ్చినకొద్దీ వాటి అవసరం హెచ్చుతుంది. సందుల లోతును పాఠశాల ఆవరణలోనే కొలవవచ్చు. 50 ఘనసెంటీమీటర్ల సన్నని పొడి ఇసుకను గట్టినేలపై పోసి, సందులు నిండేటట్లు గుండ్రంగా పరచండి. వృత్తం వ్యాసం 25 సెంటీమీటర్లు వస్తే సగటు లోతు సుమారు ఒక మిల్లీమీటరు.

లోలకం చూపేది ఒక్కచోటి సంగతే. పైగా రాకపోకలను ఆపాలి. అందుచేత పొడవైన రహదారులకు లారీకి అమర్చిన పరీక్షా చక్రాన్ని వాడతారు. దానిని ప్రయాణదిశకు 20 డిగ్రీల కోణంలో నిలిపి, ముందు నీరు చిమ్ముతూ, చక్రంమీద పడే పక్కబలాన్ని నడుస్తూనే నమోదు చేస్తారు. బ్రిటనులో 1988లో ముఖ్య రహదారులకు ఇటువంటి కొలతల ఆధారంగా ప్రమాణాలు ఏర్పరచారు. నిటారు రోడ్డుకన్న కూడళ్లను, పాదచారులు దాటే చోట్లను సమీపించే భాగాలకు హెచ్చు విలువ కావాలి. అంతకు తగ్గితే ఇంజనీర్లు ఆ చోటును పరిశీలిస్తారు; మరమ్మతు అవసరమని తేలితే, అది జరిగేవరకు జారుడు హెచ్చరిక బోర్డు పెడతారు.