థెరిమిన్ శ్రుతి తప్పితే ముందు చోటు చూడండి



విజ్ఞాన ప్రదర్శనకని చేసిన థెరిమిన్ ఇంట్లో బాగా పలికి, బళ్ళో శ్రుతి తప్పవచ్చు. అంతమాత్రాన కిట్టు పాడయిందనో, పిల్లకు స్వరజ్ఞానం లేదనో తేల్చేయకండి.

1920లో రష్యాలో లియోన్ థెరిమిన్ కనిపెట్టిన ఈ వాద్యాన్ని తాకకుండానే వాయిస్తారు. లోపల రెండు ఆసిలేటర్లు ఉంటాయి. ఒకదాని పౌనఃపున్యం మారదు. నిలువు కడ్డీ దగ్గరికి చెయ్యి వస్తే రెండోదాని పౌనఃపున్యం మారుతుంది. ఆ రెండింటి తేడాయే మనం వినే స్వరం. అయితే చెయ్యి ఒక్కటే కాదు, ఇనుప బీరువా, పక్కన నిలబడ్డ తమ్ముడు కూడా ఆ కడ్డీ మీద ప్రభావం చూపిస్తారు.

మన పాత వీధుల ఇళ్ళలో, కోయంబత్తూరైనా మధురైయైనా, ముందుగదిలోనే బీరువా, గ్రైండరు, కుట్టుమిషను ఉంటాయి. వాటికి కనీసం ఒక మీటరు దూరంగా, చెక్కబల్ల మీద పెట్టండి. చూసేవాళ్ళను కూడా దూరంగా నిలబెట్టండి.

స్విచ్ వేసి పది, పదిహేను నిమిషాలు ఆగండి. వేడెక్కే కొద్దీ శ్రుతి జరుగుతుంది. తరవాత వాయించే చోటే నిలబడి, చెయ్యి భుజం దగ్గర ఉంచి, శబ్దం దిగి దిగి ఆగిపోయేదాకా శ్రుతి మర తిప్పండి. ఇప్పుడు చెయ్యి కడ్డీ వైపు జరిపితే స్వరం పైకి పోవాలి. కిందికి దిగుతోందంటే, మర నిశ్శబ్దానికి అవతలి వైపు ఉందన్నమాట, వెనక్కి తిప్పండి.

కచేరీకి ముందు తంబురా శ్రుతి చూసుకోరూ? దీనికీ అంతే, చోటు మారినప్పుడల్లా చూసుకోవాలి. ఇదంతా అయ్యాకే పిల్లల వాయింపు గురించి మాట్లాడండి.

– ప్రధానోపాధ్యాయుడు