బిరేకేస్తే జీపు మూతి కుంగుతున్నదా? షాకప్సర్లొక్కటే మార్చి ఊకోకుండ్రి

పోయినేడు శ్రీశైలం తొవ్వల, దోమలపెంట దాటి కృష్ణ దిక్కు దిగే మూలమలుపుల కాడ మా పాత జీపు బిరేకు తొక్కిన. మూతి నేలకు వంగింది, తోక లేసింది. వెనక కూసున్న మా అవ్వ ముందు సీటుకు తాకింది. బండి ఆగింది గని, పానం పోయినంత పనైంది.

మెకానిక్ చూడకముందే "షాకప్సర్లు పోయినయ్" అన్నడు. మార్పిచ్చిన. ఊగుడు తగ్గింది గని కుంగుడు తగ్గలె. మల్ల గట్టి కమాన్లు ఎయ్యుమన్నడు. అప్పుడు అనుమానమొచ్చి, నేనే కూసోని లెక్క చేసిన.

బిరేకేస్తే ఏ బండైనా ముందటికి కుంగుతది. 1800 కిలోల బండి, దాని బరువు నడిమిట్ల 75 సెంటీమీటర్ల ఎత్తుల ఉన్నది, రెండు ఇరుసుల నడుమ 245 సెంటీమీటర్లు అనుకుందం. భూమి గుంజుడుల సగమంత గట్టిగ బిరేకేస్తే, సుమారు 275 కిలోల బరువు వెనక చక్రాల మీదికెళ్లి ముందు చక్రాల మీదికి పోతది. షాకప్సర్లు మార్చినా, కమాన్లు మార్చినా ఈ లెక్క మారది. సోకు కోసం బండిని 5 సెంటీమీటర్లు లేపితే ఇంకో 18 కిలోలు కలుస్తయ్.

మరి ఎవల పని ఏంది? ఎంత కుంగాలె అన్నది స్ప్రింగులు, కమాన్లు చెప్తయ్. ఎంత జల్ది కుంగాలె, ఎన్నిసార్లు ఊగాలె అన్నది షాకప్సర్లు చెప్తయ్. మూడోది మనం మర్శిపోయేది: వెనక బిరేకు. అది పట్టినప్పుడు ఆ గుంజుడు కమాన్ల ముందు కొసలకెళ్లి వచ్చి, లేస్తున్న తోకను కొంత కిందికి పట్టుకుంటది. వెనక బిరేకు సచ్చిందంటే తోకను పట్టెటోడు లేడు, భారమంత ముందు బిరేకుల మీదనే.

మా జీపుల అయ్యిందదే. ఒక దిక్కు డ్రమ్ముల వీల్ సిలిండర్ లీకయ్యి బిరేకు షూలు తడిసినయ్. ఇంకో దిక్కు షూలు అరిగి డ్రమ్ముకు అందుతనే లేవు. బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే పోసుకుంట తిరిగిన నేను, తప్పు నాది గూడ.

మీరు ఈ వరుసల చూడుండ్రి. చదును జాగల నిలవెట్టి, గాలి సరిచేసి, నాలుగు చక్రాల మీద మడ్గార్డు ఎత్తు కొలువుండ్రి. ఒక మూల తక్కువుంటే కమాను పట్టీ ఇరిగిందేమో చూడాలె. షాకప్సర్ మీద ఆయిల్ జిడ్డు కారుతే అది పోయినట్టే. బిరేకు తొక్కంగనే "టక్" మంటే బుష్షులు. ఒక దిక్కు గుంజుతే ఆ జత బిరేకులు. ముందు భారీ ఇనుప బంపరు, విన్చి బిగిస్తే మూతి ముందే కొంత కుంగి ఉంటది.

ఆఖరుకు, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక లేపి స్టాండ్ల మీద నిలవెట్టి, న్యూట్రల్ల పెట్టి, హ్యాండ్ బ్రేక్ ఇడిసి, ఒకలు బిరేకు తొక్కితే ఇంకొకలు చక్రం తిప్పి చూడాలె. తిరిగితే బిరేకు లేనట్టే. తిరగకున్నా డ్రమ్ము ఇప్పి చూసుడే మంచిది, సగం పనిచేసేది చేతికి దొరకది.

పికప్‌లు నడిపే తమ్ముళ్లకు ఇంకో మాట. కొన్ని బండ్లల్ల వెనక ఎంత కుంగిందో చూసి, వెనక బిరేకుకు బలమిచ్చే వాల్వు ఉంటది. ఎక్కువ లోడుకని పట్టీలు కలిపితే బండి కుంగది, వాల్వు దాన్ని ఖాళీ బండి అనుకుంటది. నిండు లోడు మీద వెనక బిరేకు తక్కువైతది. పట్టీలు కలిపితే వాల్వు గూడ సరిచేపియ్యాలె.

దేవరకొండ, అచ్చంపేట దిక్కు పత్తి ఏర పోయే ఆడోళ్లు గసొంటి బండ్ల వెనకనే నిలబడి పోతరు. మూతి కుంగుడు సోకు ముచ్చట కాదు, బండి చెప్పే మాట. డబ్బులు పెట్టేముందు ఆ మాట ఇనుండ్రి.